మా మనవరాలికి వెయ్యని సూది

ముప్పయి రెండేళ్ల ఉద్యోగంలో ఎన్ని సూదులు వేశానో నేనెప్పుడూ లెక్కపెట్టుకోలేదు. పదవీ విరమణ సభలో మాట్లాడిన పెద్దలు మాత్రం లక్షలన్నారు, చప్పట్లు కొట్టించారు. ఆ లక్షల్లో ఒక్కటీ నాకు విడిగా గుర్తులేదు. గుర్తున్నదల్లా నేను వెయ్యని సూది ఒకటి. దాన్ని వేయించానని మాత్రం పదకొండు మంది తల్లుల ముందు చెప్పాను, కనురెప్ప కూడా కొట్టకుండా.

ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏఎన్‌ఎం అమ్మాయిలు ఇద్దరు మా ఇంటికి వచ్చారు. కొండ మీద తల్లుల చేత "ఊ" అనిపించడం ఎలాగో చెప్పమన్నారు. "ఊ అనిపించడం సులువే అమ్మా, నాకు బాగా వచ్చు. నా జబ్బే అది" అన్నాను. వాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి వాళ్లకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. పేర్లు రాయను. అందరూ బతికే ఉన్నారు, కొందరికి ఇంకా ప్రమోషన్లు రావాలి.

నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. గ్యాస్ బండ తెచ్చినవాడు తూకం వేసి చూపిస్తే గాని గుమ్మం దాటనివ్వను. "దీని నీడ దీని వెంట వచ్చినా ఎందుకొచ్చావని అడుగుతుంది" అని మా ఆయన నలుగురిలో ఆటపట్టించేవారు. ఉద్యోగంలో ఆ గుణం పనికొచ్చింది. టీకా సీసాలు తెచ్చినవాడు "చల్లగానే ఉన్నాయమ్మా" అంటే నమ్మేదాన్ని కాదు, ఒక్కొక్కటీ తడిమి చూసేదాన్ని. పిల్లాడికి జ్వరం లేదని తల్లి చెప్పినా సరే, నుదుటి మీద చెయ్యి వేశాకే సూది తీసేదాన్ని.

అవతలివాళ్లూ నాకేం తీసిపోలేదు. మాది విజయనగరం పక్క మైదానం ఊరు. అనంతగిరి కొండల్లో పోస్టింగ్ వచ్చిన కొత్తలో నేను కనబడితే ముందు కుక్కలు మొరిగేవి, తర్వాత తలుపులు మూసుకునేవి. పసిపిల్లల్ని గంపల కింద దాచేవారు. జీపు దిగి గంటసేపు నడిస్తే వచ్చే ఒక ఊరుండేది. ఇరవై ఇళ్లు, మాటలో సగం తెలుగు, సగం ఒడియా. అక్కడ నాకు ఏడాది పాటు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. రెండో ఏడు నీళ్లిచ్చారు. అయిదారేళ్లకు అంబలి పోశారు. ఇరవయ్యేళ్లు గడిచేసరికి, నేనొక నెల రాకపోతే "నర్సమ్మకి ఒంట్లో బాగునేదేటో" అని ఆశా కార్యకర్తతో కబురు పెట్టేవారు. ఆ కబురు వచ్చినప్పుడల్లా నాకు గర్వంగా ఉండేది. మా ఆఫీసులో అందరికీ వినబడేలా చెప్పుకునేదాన్ని.

ఇంకో ఏడాదిన్నరలో రిటైరవుతాననగా మా పీహెచ్‌సీకి ఒక బృందం వచ్చింది. పిల్లలకు వచ్చే ఒక జ్వరానికి కొత్త టీకా తయారైందనీ, దాన్ని పరీక్షించాలనీ, అనుమతులన్నీ ఉన్నాయనీ చెప్పారు. పిల్లల్లో సగం మందికి కొత్త టీకా, సగం మందికి ఇప్పటికే బజారులో ఉన్న పాత టీకా వేస్తారు. ఎవరికి ఏది పడిందో తల్లికీ తెలియదు, వేసే నాకూ తెలియదు. కొన్ని వారాల తర్వాత రెండో డోసు. మధ్యలో రెండుసార్లు చెంచాడు రక్తం తీస్తారు.

బృందానికి ఒక కోఆర్డినేటర్ ఉన్నాడు. విశాఖ అబ్బాయి, ముప్పయి లోపు వయసు, చేతిలో ఎప్పుడూ ట్యాబ్. మొదటి రోజే అడిగాను అతన్ని.

"విశాఖలో పిల్లలు లేరా బాబూ, ఇంత కొండెక్కి వచ్చారు?"

"ఆ జ్వరం ఇటువైపే ఎక్కువ మేడం. ఉన్నచోటే కదా పరీక్షించాలి."

నిజమే కావచ్చు. నాకు సగమే నమ్మకం కుదిరింది. మిగతా సగం మా మెడికల్ ఆఫీసర్ గారు కుదిర్చారు. "అమ్మా, మీరు చెప్పకపోతే ఆ కొండ మీద ఆకు కూడా కదలదు" అన్నారు. పొగడ్తకు కరగని అనుమానం ఎక్కడుంది చెప్పండి.

కోఆర్డినేటర్ నాకు కాగితాలన్నీ ముందే చదివించాడు. అది అతని మంచితనమే, ఒప్పుకోవాలి. కొత్త టీకా ముందు పెద్దవాళ్లకు వేశారనీ, తర్వాత పెద్ద పిల్లలకు వేశారనీ, ఇప్పుడు చిన్నవాళ్ల వంతనీ అందులో ఉంది. తల్లిదండ్రులు వద్దనవచ్చనీ, మధ్యలో మానేసినా మామూలు వైద్యం ఏదీ ఆగదనీ ఉంది. ఇదంతా తల్లికి అర్థమయ్యేలా చెప్పి, తిరిగి ఐదు ప్రశ్నలు అడగాలి. జవాబులు సరిగ్గా చెబితే వేలిముద్ర తీసుకోవాలి. అంతా వీడియో తీయాలి.

మేము ఆ ఊరికి వెళ్లేసరికి మామిడి పిందెలు కాయలవుతున్నాయి. ఊరి మొదట్లో చెట్టు కింద రెండు కాయలు రాలి ఉన్నాయి. కోఆర్డినేటర్ ఒకటి తీసి చొక్కాకు తుడుచుకుని కొరికాడు. "అబ్బ, ఏం పులుపు!" అంటూ రెండోది అక్కడ ఆడుకుంటున్న నాలుగేళ్ల పిల్లకు ఇవ్వబోయాడు. ఎక్కణ్ణుంచి వచ్చిందో గాని ఆ పిల్ల తల్లి వచ్చి అతని చేతి మీద చెళ్లున కొట్టింది. కాయ దొర్లిపోయింది. అతను బిత్తరపోయి నావైపు చూశాడు.

అక్కడ మామిడి కొత్త పండగ కాకుండా ఎవరూ మామిడికాయ నోట పెట్టరు. పండగ నాడు ముందు దేవతకు పెట్టాలి, తర్వాత పెద్దలు తినాలి, ఆ తర్వాతే పిల్లలు. చిక్కుళ్లయినా కొర్రలయినా అంతే, కొత్త చేసుకోకుండా కొత్త పంట తినరు. ఈ సంగతి నేను అతనికి ముందే చెప్పాల్సింది. నాకు అలవాటైపోయి, కొత్తవాళ్లకు తెలియదన్న ధ్యాసే లేకపోయింది.

చెయ్యి మీద కొట్టిన ఆమె ఆ ఊరి దిసారి కోడలు. దిసారి అంటే మంచిరోజులు చూసి పండగలు ఎప్పుడో చెప్పే పెద్ద. ఆమెకు పాతికేళ్లు కూడా ఉండవు. ఆ నాలుగేళ్ల గుంట కాక, చంకలో ఏడు నెలల గుంటడు ఉన్నాడు. ఇద్దరికంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టి జ్వరంతో పోయింది. ఆ పిల్లను డోలీలో కిందికి మోసుకొస్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. ఆ రోజు డోలీ వెనకాల నేనూ నడిచాను.

దిసారి ఇంటి అరుగు మీద అందరూ కూర్చున్నారు. కోఆర్డినేటర్ ఒక్కొక్క పేజీ చదువుతున్నాడు, నేను వాళ్లకు అర్థమయ్యేలా చెబుతున్నాను. దిసారి భార్య, అంటే ఆ కోడలికి అత్త, చుట్ట నిప్పు లోపలికి తిప్పి అడ్డపొగ పెట్టుకుని ఓ మూల కూర్చుని వింటోంది. ఎనిమిదో పేజీ దగ్గర చుట్ట తీసి అడిగింది.

"కొత్త మందంతన్నావు. మరి ముందు కొత్త ఎవులు తిన్నారు?"

"పెద్దవాళ్లకు వేశారు పెద్దమ్మా. తర్వాత పెద్ద పిల్లలకు వేశారు. ఇప్పుడు చిన్నపిల్లలకు."

నిజానికి అది వాళ్ల ఆచారానికి సరిగ్గా సరిపోయే జవాబే. ముందు పెద్దలు, తర్వాత పిల్లలు. అక్కడితో ఆగిపోయి ఉంటే బాగుండును.

"ఎక్కడేసినారు?"

"వేరే ఊళ్లలో. దూరం."

"నువ్వు సూసినావా?"

నేను చూడలేదు. కాగితంలో చదివాను.

"సూడనేదు," అందామె తనే. "ఏ గుంటకి ఏది పడతాదో నీకే తెలీదంతన్నావు. నీకే తెలీని మందు మా గుంటలకి ఏత్తావేటి నర్సమ్మా?"

అరుగు మీద అందరూ గొల్లుమన్నారు. కోఆర్డినేటర్ కూడా, మాట సరిగ్గా వినకపోయినా, మర్యాదకు నవ్వాడు. ఎండ నడినెత్తికొచ్చింది, సాయంత్రం లోపల ఇంకో ఊరు వెళ్లాలి. అదేమీ అసలు కారణం కాదు. ఇరవయ్యేళ్లు నా మాట కాదనని ఊరు నా మొహం మీదే నవ్వుతోంది. నాకు ఒళ్లు మండింది. ఉన్న నిజం చాలదనిపించింది.

"ఎందుకు చూడలేదు? మా మనవరాలికే వేయించాను. ఐదేళ్ల పిల్ల. నిక్షేపంలా ఉంది" అన్నాను.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది ఎంత బాగా అతికిందంటే, అన్న మరుక్షణం మా అమ్మాయి దాని చెయ్యి పట్టుకోవడం, అది ఏడవడం, నేను చాక్లెట్ ఇవ్వడం అన్నీ నాకే కళ్లకు కట్టాయి. ముసలమ్మ మొహం విప్పారింది. "ఆ మాట ముందే సెప్పకపోనావా" అని మళ్లీ చుట్ట నోట్లో పెట్టుకుంది.

కోఆర్డినేటర్ అప్పుడు కెమెరా స్టాండు సరిచేసుకుంటున్నాడు. నేనన్నది విన్నాడో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. విన్నాడనే నా అనుమానం. ఎందుకంటే సరిగ్గా ఆ మాట అయ్యాకే తలెత్తి, "రికార్డింగ్ మొదలుపెడదామా మేడం?" అన్నాడు.

ఐదు ప్రశ్నలకూ అందరూ టకటకా జవాబులు చెప్పారు. చెప్పరా మరి, బడిలో ఎక్కాలు చెప్పించినట్టు నేను ముందే మూడుసార్లు చెప్పించాను. "ఇష్టం లేకపోతే?" అంటే "మానేయొచ్చు" అని కోరస్. ఆ కోడలు మాత్రం కెమెరా ముందుకు వెళ్లబోతూ నా చెవి దగ్గర గొంతు తగ్గించి అడిగింది.

"నిజంగా వద్దంతే ఏటవుతాదమ్మా? అంగన్‌వాడీలో గుడ్లు ఆపేత్తారేటి?"

"ఎవరూ ఏమీ ఆపరు. అయినా వద్దనడానికేముంది? మా మనవరాలికి ఏమైనా అయిందా?"

ఆమె వెళ్లి కెమెరా ముందు కూర్చుని వేలిముద్ర వేసింది.

మొదటి డోసు పడిన మర్నాడు ఆమె గుంటకు జ్వరం వచ్చింది. రెండు రోజులుంది. బృందంలోని డాక్టరు వచ్చి చూశాడు, మందిచ్చాడు, తగ్గింది. టీకాకు అలా రావడం మామూలే. నేను వెళ్లేసరికి ఆమె పిల్లను ఒళ్లో వేసుకుని గడప మీద కూర్చుంది. నా మొహంలోకి సూటిగా చూస్తూ అడిగింది.

"నీ మనవరాలికీ జొరం వచ్చినాదా?"

"వచ్చింది. ఒక్కరోజే."

మొదటి అబద్ధం పౌరుషానికి ఆడాను. రెండోది దానికి కాపలా పెట్టాను. ఆ రోజు కొండ దిగుతూ దారిలో రెండుసార్లు కూర్చున్నాను. ఆశా కార్యకర్త "ఏటమ్మా, ఒంట్లో బాగునేదా?" అని అడిగింది. ఎండ అన్నాను. అది మూడోది.

రెండో డోసుకు వారం ముందు తనిఖీకి ఒక డాక్టరమ్మ వచ్చింది. బృందంతో సంబంధం లేని మనిషి, వేరే రాష్ట్రంలో పనిచేస్తుందట, తెలుగు బాగానే వచ్చు. కొండ మాట కోసం పాడేరు వైపు నుంచి ఒక టీచరమ్మను వెంటబెట్టుకొచ్చింది. అది నాకు నచ్చలేదు. ఇరవయ్యేళ్లుగా ఈ ఊరికి నేనుండగా దుబాసీ ఎందుకు? పైగా "మీరు కాసేపు ఆ పనస చెట్టు దగ్గర కూర్చోండమ్మా" అంది. ఎవరో నా మీద చెప్పారనుకున్నాను. ఆశా కార్యకర్త చెప్పిందేమో, కోఆర్డినేటర్ చెప్పాడేమో, మెడికల్ ఆఫీసర్ గారికి నేనంటే పడదేమో. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఏమిటో ఆ చెట్టు కింద తెలిసింది.

నాకు మాటలు వినబడటం లేదు, మనుషులు కనబడుతున్నారు. డాక్టరమ్మ ఒక్కొక్క తల్లితోనూ విడిగా మాట్లాడుతోంది. మొదటామె మాట్లాడుతూ మాట్లాడుతూ చెయ్యెత్తి నన్ను చూపించింది. రెండో ఆమె కూడా. నన్ను మెచ్చుకుంటున్నారనుకుని కొంగు సర్దుకున్నాను. ఆరో ఆమె కూడా నన్నే చూపించాక లేచి చెట్టు వెనక్కి జరిగాను.

పదకొండు మందీ అయ్యాక ఆమె వచ్చి నా పక్కన రాతి మీద కూర్చుంది.

"ఐదు ప్రశ్నలకూ జవాబులు బాగా చెప్పారమ్మా. అంత బాగా నేను ఎక్కడా వినలేదు. అందుకే కాగితంలో లేనిది ఇంకోటి అడిగాను, ఎందుకు ఒప్పుకున్నారని. అందరూ ఒకటే చెప్పారు. మీ మనవరాలు ఎక్కడుంటుంది?"

"విజయనగరంలో."

"అక్కడ ఈ టీకా ఎవరికీ వెయ్యడం లేదు కదా."

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే నేనూ నాలుగు మాటలు అందును. కోఆర్డినేటర్ను పిలిచి అడిగింది. "నాకు తెలియదు మేడం, నేను కెమెరా చూసుకుంటున్నాను" అన్నాడతను, నావైపు చూడకుండా. మెడికల్ ఆఫీసర్ గారు ఫోనులో "చిన్న మాటకి ఎందుకండీ ఇంత రాద్ధాంతం, మంచికే కదా అంది" అన్నారు. డాక్టరమ్మ వినలేదు. ఆ వేలిముద్రలు చెల్లవంది. వాళ్లు ఒప్పుకున్నది టీకాకు కాదు, లేని ఒక పిల్ల జబ్బకు పడని సూదికి అంది. ఆ ఊళ్లో రెండో డోసు ఆపేసి, మళ్లీ మొదటి నుంచి చెప్పి అడగాలని రాసింది.

"మీరన్న మాట మీరే విప్పాలమ్మా. వేరే వాళ్లు చెబితే వాళ్లు నమ్మరు" అంది వెళ్తూ వెళ్తూ.

నేను వెళ్లి విప్పేలోపే అది విడిపోయింది. టీచరమ్మ అడిగిన ప్రశ్నలను బట్టి ఆ కోడలికి సంగతి అర్థమైపోయింది. ఆ తర్వాతి బుధవారం మామూలు టీకాల రోజున ఆ ఊళ్లో ఒక్క తల్లీ బయటకు రాలేదు. ఆశా కార్యకర్త వచ్చి చెప్పింది.

"అన్ని సూదులూ అనుమానవే అంతన్నారమ్మా. ఇరవయ్యేళ్లు ఏసినవన్నీ కూడా మా గుంటల మీద పరీచ్చలేనేటో అంతన్నారు."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయన్నట్టయింది వాళ్ల పని. అది చాలదన్నట్టు, కొండకు అవతల ఊళ్లో తట్టు మొదలైంది. ముగ్గురు పిల్లలు మంచం పట్టారు. తట్టుకు సూది తొమ్మిది నెలలు నిండాక వెయ్యాలి. దిసారి కోడలి చంకలో ఉన్న గుంటడికి తొమ్మిది నిండాయి. సూది నా పెట్టెలో ఉంది, పిల్లాడు ఆ తలుపు వెనకాల ఉన్నాడు, మధ్యలో నా అబద్ధం ఉంది. నాకు డోలీ గుర్తొచ్చింది. ఆ వారం అన్నం సయించలేదు.

అప్పుడు నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. మా మనవరాలికి ఐదేళ్లు నిండాయి, ఆ వయసులో వెయ్యాల్సిన మామూలు సూది బాకీ ఉంది. దాన్ని కొండెక్కించి, దిసారి అరుగు మీద, అందరూ చూస్తుండగా నా చేత్తో వేస్తే? నేను వేసే సూదులు నా ఇంటి పిల్లలకు వేసేవేనని వాళ్లే చూస్తారు. వచ్చే బుధవారం మా మనవరాల్ని తెస్తున్నానని ఆశా కార్యకర్తతో కబురు పంపేశాను. ఆ తర్వాత విజయనగరం బస్సెక్కి మా అమ్మాయిని అడగడానికి వెళ్లాను. ఆ వరసలో చేశాను, చూడండి.

మా అమ్మాయి ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. మెడలో టేపు వేసుకుని మిషన్ మీద ఉంది. చెప్పాను.

"ఎలాగూ ఏయించాల్సిందే. అయితే ఇక్కడే ఏయిత్తాను కదమ్మా, అంత దూరం ఎందుకు?"

అప్పుడు మొత్తం చెప్పాల్సి వచ్చింది. మిషన్ ఆపేసింది.

"దానికి ఏయని సూది ఏసినానని నన్నడక్కుండానే సెప్పీసావు. ఇప్పుడు ఏసే సూది ఊరంతా సూడాలని నన్నడక్కుండానే కబురెట్టీసావు. ఇంతకీ ఆ గుంటకి తల్లెవరమ్మా, నానా నువ్వా?"

"ఒక్క పూట పనే. అక్కడొక పసివాడికి తట్టు రావచ్చు, నీకర్థం కావడం లేదు."

"అర్దమైంది. నాకూ బాదగానే ఉంది. అయినా వద్దు. నా గుంట నీకు సాచ్చికం సెప్పడానికి పుట్టనేదు."

నానా మాటలూ అన్నాను. నర్సు కడుపున పుట్టి ఇదా నీ తెలివి అన్నాను. వండిన చేపల పులుసు ముట్టకుండా వచ్చేశాను. బస్సు శృంగవరపుకోట దాటేదాకా నా కోపం చల్లారలేదు. ఘాట్ రోడ్డు ఎక్కాక గాని ఒక సంగతి తట్టలేదు. ముప్పయి రెండేళ్లలో ఒక తల్లి వద్దంటే, నేను ఆ మాట తీసుకుని తిరిగి రావడం అదే మొదటిసారి. మిగతా తల్లుల దగ్గర ఊ అనేదాకా కూర్చునేదాన్ని. లేవకపోవడం నా గొప్పతనం అనుకునేదాన్ని.

బుధవారం ఒక్కదాన్నే వెళ్లాను. ఒక్కదాన్నే అంటే, కోఆర్డినేటర్ కొత్త కాగితాలతో వచ్చాడు, టీచరమ్మ వచ్చింది. మనవరాలు మాత్రం లేదు. నా భుజాన మామూలు టీకాల పెట్టె ఉంది. ఎవరైనా వస్తారన్న ఆశ లేకపోయినా తీసుకెళ్లాను.

అరుగు మీద అందరూ ఉన్నారు. చెప్పేశాను. మా మనవరాలికి ఆ టీకా వెయ్యలేదు, జ్వరం రాలేదు, రెండూ నేను కల్పించినవే, మీరు నవ్వితే నాకు కోపం వచ్చి అన్నాను అని చెప్పాను. ముందు ముసలమ్మే అంది.

"మామిడి కొత్త నాడు దేవతకి ఒక కాయి ఎక్కువెట్టినాను. కొత్త మందు ముందు తిన్న గుంట గదా, సల్లగుండాలని. పేరు తెలీక నర్సమ్మ మనవరాలు అని సెప్పి ఎట్టినాను."

నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఏడుపొచ్చింది. ముసలమ్మ నన్ను ఓదార్చలేదు, తిట్టనూ లేదు. చుట్ట వెలిగించుకుని అటు తిరిగి కూర్చుంది. అది తిట్టు కంటే ఎక్కువగా తగిలింది.

కోడలు మాత్రం నా పక్కనా వెనకా వెతికింది.

"మనవరాల్ని తెత్తానని కబురెట్టినావట. ఏదీ?"

ఇంకో అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది, పిల్లకు ఒంట్లో బాగా లేదని. మింగేశాను.

"వాళ్లమ్మ పంపనంది."

"వాళ్లమ్మంతే, నీ కూతురే గదా?"

"నా కూతురే. వద్దంది."

"వద్దంతే నువ్వేటి సేసినావు?"

"తిట్టాను. అన్నం తినకుండా వచ్చేశాను."

"మరి గుంటని తేనేదేటి?"

"ఎలా తెస్తాను? దాని తల్లి వద్దన్నాక?"

ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. ఇది కూడా అబద్ధమేమోనని వెతుకుతోందని నాకు తెలుసు. వెతకనిచ్చాను. ఆమెకేమీ దొరకలేదనుకుంటాను. పక్కనున్న తల్లుల చెవుల్లో కొండ మాటలో ఏదో అంది, నాకు వినబడలేదు, వాళ్లు నావైపు చూసి ఏదో అన్నారు. టీచరమ్మ నాకు మెల్లగా చెప్పింది: "నర్సమ్మకైనా వద్దని చెప్పొచ్చునంట, అంటోంది."

కోఆర్డినేటర్ కాగితాలు మొదటి నుంచి చదివాడు. ఈసారి నేను జవాబులు చెప్పించలేదు. ఐదు ప్రశ్నలకు కొందరు మూడే చెప్పారు, మళ్లీ చదివించుకున్నారు. పొద్దు వాలింది. ముగ్గురు తల్లులు ఒప్పుకున్నారు. కోడలి వంతు వచ్చింది.

"నాను వద్దంతాను," అంది. చెప్పి, బొటనవేలు సిరా డబ్బాలో అద్దుకుంది. "ఎక్కడెయ్యాల?"

"వద్దంటే వేలిముద్ర అక్కర్లేదమ్మా" అన్నాడు కోఆర్డినేటర్.

"అప్పుడు ఔనన్నదానికి ఏయించుకున్నావు. ఇప్పుడు వద్దన్నదానికి ఎందుకక్కర్నేదు? రేపు నాను ఔనన్నానని సెప్తే?"

అతను కాగితమంతా తిప్పి చూశాడు. ఏ పేజీలోనూ వద్దన్నదానికి చోటు లేదు. నా రిజిస్టర్లోంచి ఒక తెల్లకాగితం చింపి, "దిసారి కోడలు తన పిల్లకు ఈ టీకా వద్దన్నది" అని రాసి, ఒక గడి గీసి ఇచ్చాను. టీచరమ్మ చదివి వినిపించింది. ఆమె దాంట్లో వేలు గట్టిగా నొక్కింది. తర్వాత ఏడుగురు అలాగే అడిగి వేశారు. కోఆర్డినేటర్ మొహం మాడిపోయింది. అయినా ప్రతి కాగితానికీ ఫొటో తీసుకున్నాడు, తనకూ రేపు ఎవరైనా అడిగితే ఉండాలని కాబోలు.

నేను పెట్టె భుజానికి తగిలించుకుని లేచాను. కోడలు లోపలికి వెళ్లి గుంటణ్ణి ఎత్తుకొచ్చి నా ముందు కూర్చుంది.

"ఈడికి తట్టు సూది ఉందంతన్నారు. అది పాతదేనా?"

"పాతదే. మా అమ్మాయికి ఎత్తుబిడ్డప్పుడు వేయించాను. దాని కూతురికి నేనే వేశాను."

"నిజవేనా?" ముసలమ్మ అటు తిరిగే అడిగింది.

"నిజమే పెద్దమ్మా. మీరు నమ్మకపోయినా నిజమే."

కోడలు పిల్లాడి కుడి చెయ్యి ముందుకు చాపింది. ఆమె బొటనవేలి సిరా వాడి జబ్బకు అంటుకుంది. దూదితో తుడిచాను. తట్టు మందు సీసా ఒకసారి కలిపితే కొద్ది గంటలే పనికొస్తుంది, ఒక్క పిల్లాడి కోసం విప్పితే మిగిలింది పారబోయాలి. నేను ఆగింది అందుకు కాదు. అవతల ఊళ్లో పిల్లలు మంచం మీద ఉన్నారని ఆమెకు ఒకసారి చెప్పాను. రెండోసారి చెప్పకుండా ఉండటానికి పళ్లు బిగబట్టాను. సీసా చేతిలో పట్టుకుని, ఉద్యోగంలో ఎన్నడూ అడగని మాట అడిగాను.

"వెయ్యమంటావా?"

ఆమెకు అనుమానం వచ్చింది.

"ఏటమ్మా, దీనికీ వద్దనొచ్చా?"

"అనొచ్చు."

ఆమె ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. పిల్లాడి మొహం చూసింది, అత్త వీపు చూసింది, నా చేతిలో సీసా చూసింది. నేను కిమ్మనకుండా కూర్చున్నాను. అంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం నాకు జీవితంలో అదే మొదలు.

"ఏయి," అంది చివరికి. "బేగి ఏయి."

అప్పుడు సీసా మూత విప్పాను.